రైలు మారే చోట

బ్యాగు తీసి స్కానర్ బెల్టు మీద పెట్టేదాకా తాను మెట్రో ఎక్కబోతున్నానని ఉమాశ్రీ తనకు తాను ఒప్పుకోలేదు. మధ్యాహ్నం పట్టుకున్న వాన తెరిపి ఇవ్వలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లు కదలడం లేదని ఆఫీసు గ్రూపులో ఒకటే ఫొటోలు. క్యాబ్ పిలిస్తే మియాపూర్ అనగానే ఒకతను కట్ చేశాడు, ఇంకొకతను రాలేను మేడమ్, ఫుల్ జామ్ ఉన్నది అని మర్యాదగా చెప్పి కట్ చేశాడు. ఇక గొడుగేసుకుని రాయదుర్గం స్టేషన్ వైపు పోయే జనంలో పడి తనూ నడిచింది. నడుస్తూ కూడా, స్టేషన్ కింద కాసేపు నిలబడి బస్సు చూసుకుందాంలే అనే అనుకుంది. భర్త యశ్వంత్ పోయినప్పటి నుంచి ఎంత ట్రాఫిక్ ఉన్నా రోడ్డు దారినే ఇంటికి పోతోంది. మెట్రోలో అయితే అమీర్‌పేటలో దిగాలి, మెట్లు దిగి కింది ప్లాట్‌ఫామ్‌కు వెళ్లి మియాపూర్ రైలు పట్టుకోవాలి. ఆ మెట్ల దగ్గరే అతను పడిపోయాడు. తెర వెనక లేడీ గార్డు చేతిలోని డిటెక్టర్‌ని ఆమె భుజాల మీదుగా, నడుం పక్కగా ఆడించి, పొండి అన్నట్టు తల ఊపింది. దీని పని పట్టుకోవడం కాదు ఉమా, పట్టుబడతామేమో అన్న అనుమానం పుట్టించడం, అనేవాడు యశ్వంత్. ఇలాంటివి ఎన్ని చెప్పేవాడో, కూర కలుపుకుంటూ, దుప్పటి దులుపుతూ, గేటు తీస్తూ. ఆమె ఊఁ కొట్టేది. ఊఁ కొట్టిన వాటిలో ఏవి విన్నదో, ఏవి వినలేదో ఇప్పుడు ఏరుకుందామంటే చేతికి రావడం లేదు.

రైలు ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరికింది. ఆడవాళ్ల పెట్టెలో తడి గొడుగుల వాసన, తడిసిన చున్నీల వాసన, ఎవరి డబ్బాలోంచో చల్లారిన పులిహోర వాసన. తలుపులు మూసుకుంటుండగా బ్యాగులో ఫోన్ అదిరింది, తనది కాదు, యశ్వంత్‌ది. దాన్ని రోజూ ఛార్జింగ్ పెట్టి వెంట తెచ్చుకుంటోంది. ఎవరైనా అడిగితే బ్యాంకు మెసేజీలు వస్తాయని చెబుతుంది. బ్యాంకు మెసేజీలు ఎప్పుడో ఆగిపోయాయి. తెర మీద యూనివర్సిటీ వాళ్ల గంట బొమ్మ, సెమినార్ మొదలవుతోంది, మీరు ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు, అని. భద్రత, తీవ్రవాద నిరోధం మీద మాస్టర్స్ డిగ్రీ అది. సముద్రాలకు అవతల ఉన్న యూనివర్సిటీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పెట్టిన చదువు, అంతా ఆన్‌లైన్‌లోనే. వీలున్నప్పుడు చదువుకోవచ్చు, కుదరనప్పుడు ఆపుకోవచ్చు, మళ్లీ ఎప్పుడైనా అందుకోవచ్చు, తొందరేం లేదు. చేరిన రోజు అదే చెప్పి మురిసిపోయాడు, ఇందులో ఫెయిలవడమంటూ లేదు ఉమా, ఆలస్యం కావడమే. అతను ఇక రాడని వాళ్లకు రాయాలని ప్రతి ఆదివారం లాప్‌టాప్ ముందు కూర్చునేది. మై హజ్బెండ్ అని రెండు మాటలు కొట్టేది, తర్వాత ఏ కాలంలో రాయాలో తెలియక మూసేసేది. ఇప్పుడు రైలు హైటెక్ సిటీ స్టేషన్‌లో ఆగి, తడిసిన జనాన్ని ఇంకాస్త కుక్కుకుని కదులుతుంటే, రాయడం కంటే చెప్పడమే తేలికేమో అనిపించింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నొక్కింది. చీకటి చతురస్రాలు వరసగా తెరుచుకున్నాయి, వాటిలో ఒకదాని కింద యశ్వంత్ అని పేరు వెలిగింది. పక్కన ఎవరో టైపు చేశారు, తిరిగొచ్చావా మిత్రమా, సంతోషం.

ఆ మాట చూసి వెంటనే చెప్పేయాల్సింది. వేలు బటన్ దాకా వెళ్లింది కానీ అప్పటికే ప్రొఫెసర్ గొంతు మొదలైంది, వయసు మీద పడిన స్త్రీ గొంతు, తొందర లేని గొంతు. ఆ గొంతు ఉమాశ్రీకి బాగా తెలుసు. వారానికొకసారి ఇదే వేళకు యశ్వంత్ ఇదే రైల్లో ఆ క్లాసు వినేవాడు. ఆఫీసు నుంచి ఇంటికి రోడ్డు దారి దగ్గర, మెట్రో చుట్టు తిరుగుడు, అయినా కూర్చుని వినడానికి ఉంటుందని మెట్రోనే ఎక్కేవాడు. క్లాసు సగం ఇంటికొచ్చాక పూర్తయ్యేది, అప్పుడు స్పీకర్‌లో పెట్టి వంటింటి గట్టు మీద కూర్చునేవాడు. వాళ్లమ్మ పార్వతమ్మ చపాతీ ఒత్తుతూ ఆ గొంతు విని, ఈయమ్మ ఎప్పుడూ ఏదో ఉపద్రవం గురించే చెప్తాంది, ఒక్కనాడన్నా మంచి మాట చెప్పదా నాయనా అని అడిగేది. అతను పగలబడి నవ్వేవాడు. ఒకరోజు ఈ రైల్లోనే పేలుడు, టార్గెట్, జనసమ్మర్దం అని ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుతుంటే పక్క సీటాయన భయపడి, వచ్చే స్టేషన్‌లో దిగి గార్డుని పిలుచుకొచ్చాడు. యశ్వంత్ కోర్సు పేజీ, ఆఫీసు కార్డు చూపించి బయటపడ్డాడు. ఆయన భీమేశ్వరరావు గారు, అమలాపురం వైపాయన, సచివాలయంలో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఎక్కడ కనబడినా ఏమండీ టెర్రరిజం గారూ, ఇవాళ క్షేమమేనా అని పలకరించేవారట. ఆయనకు తెలిసి ఉండదు. ఇవాళ్టికీ రైల్లో యశ్వంత్ కోసం చూస్తూ, ఉద్యోగం మారాడు కాబోలు అనుకుంటూ ఉంటారు.

ఈ చదువు ఎందుకు నీకు అని పెళ్లయిన కొత్తలో ఆమే అడిగింది. అతనిది మాదాపూర్‌లో ఒక కంపెనీ సర్వర్ల భద్రత ఉద్యోగం. తెర మీద అలర్టులు వచ్చి పడుతుంటాయి, ఒక్కోటీ తెరిచి చూసి ఇది ఉత్తదే అని మూయడం పని. మంచి జీతం, మంచి పేరు, ఇంకేం కావాలి. అప్పుడు శివ సంగతి చెప్పాడు. ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్లు. నగరంలో పేలుడు జరిగిన ఒక సాయంత్రం శివ ఆ దగ్గర్లో ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ ఒక చెవి పూర్తిగా పోయింది. దవాఖానలో మంచం పక్కన కూర్చుంటే, వినబడని చెవి వైపు చెయ్యి పెట్టుకుని శివ, ముందుగాల ఎవరికన్న ఎరుక ఉండెనారా, అని అడిగాడట. కోపంగా కాదు, ఊరికే తెలుసుకుందామన్నట్టు. ఆ ప్రశ్నకు జవాబు లేక ఇన్నేళ్లూ తిరిగానన్నాడు యశ్వంత్. శివ ఇప్పుడు మదీనాగూడలో ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకుని, పెళ్లి చేసుకుని, అన్నీ మరచిపోయి హాయిగా ఉన్నాడు. యశ్వంతే మరచిపోలేదు.

దుర్గం చెరువు నీళ్ల మీద వాన పడుతోంది, తీగల వంతెన సగం మసకలో ఉంది. ప్రొఫెసర్ ముందస్తు సంకేతాల గురించి చెబుతోంది. ఘోరం జరిగాక విచారణ సంఘం కూర్చుంటుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, అప్పుడు సంకేతాలన్నీ ఒకదాని పక్కన ఒకటి బారుగా నిలబడి కనిపిస్తాయి, ఇంత స్పష్టంగా ఉంటే ఎలా చూడలేదని అందరూ అడుగుతారు. కానీ జరగక ముందు అవి బారుగా ఉండవు, అలాంటివే వేల సంగతుల మధ్య చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఉమాశ్రీ ఫోన్‌ని ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. ఎడమ భుజం లాగుతోందన్నాడు, లాప్‌టాప్ బ్యాగు అటే వేసుకుంటావుగా, మార్చి వేసుకో అంది. త్రేన్పులు వస్తున్నాయన్నాడు, బయటి తిండి తగ్గించమంది. రెండు దిండ్లు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు, ఆమె దిండు తీసుకున్నాడని తగవు పెట్టుకుంది, ఇప్పుడా రెండు దిండ్లూ ఆమెవే. మదీనాగూడలో కూరగాయలు కొన్నాక సంచులు కింద పెట్టి కాసేపు ఎటో చూస్తూ నిలబడ్డాడు. రాయాల్సిన వ్యాసం గురించి ఆలోచిస్తున్నాడనుకుని ఆమె కదిలించలేదు, ఎదురుగా నిలబడి పుదీనా కట్ట తెంపి వాసన చూసింది. చూసింది, అవును, అన్నీ చూసింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామని కూడా అంది, ఈ వ్యాసం ఇచ్చేసి వెళ్దామన్నాడు, సరేనంది. సరేనన్న మాట ఎంత చిన్న మాట.

పదో రోజున చుట్టాలందరూ హాల్లో కూర్చుని ఉండగా, ఎవరో పెద్దావిడ ముందేమీ అనలేదా పిల్లోడు అని అడిగినప్పుడు, పార్వతమ్మ గోడకు చేరగిలబడి, కోడలి వైపు చూడకుండానే అంది. “పక్కలో ఉండేది ఆయమ్మ. ఆయమ్మకే తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది.” ఉమాశ్రీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లి కడిగింది. అప్పటి నుంచి ఇంట్లో ఇద్దరే. రాజమండ్రి నుంచి అమ్మ వచ్చి, కొన్నాళ్లు మాతో ఉందువుగాని రావే అని పిలిచినా వెళ్లలేదు. వెళ్తే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుంది, వెళ్లకపోతే రోజూ ఆ మాట పక్కనే కూర్చుని అన్నం తినాలి. అత్తగారు వేళకు వండుతుంది, వేడి నీళ్లు పెట్టినాను మా అంటుంది, ఆమె సరేనండి అంటుంది. మర్యాదలో లోటు లేదు. ఆదివారం పూట నిద్రలేని మధ్యాహ్నాలు, ఎవరి గదిలో వాళ్లు, రెండు గదుల్లోనూ ఫ్యాన్లు, మధ్యలో హాల్లో ఫొటో. సంకేతాలు చెల్లాచెదురుగా ఉంటాయని అత్తగారికెవరైనా తెలుగులో చెబితే బాగుండు. చెప్పినా ఏం ప్రయోజనం, తెలుసుకుని ఉండాల్సిందన్న చోట తెలియకపోవడానికి వంద కారణాలున్నా, ఉండాల్సిన మనిషి లేడు.

యశ్వంత్, అంది ఇయర్‌ఫోన్‌లో ప్రొఫెసర్. ఉమాశ్రీ ఉలిక్కిపడి ఫోన్ తిప్పింది. రైలు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో ఆగి ఉంది. కిందటిసారి నువ్వు వచ్చినప్పుడు చెబుతూ మధ్యలో ఆగావు, తర్వాత లైను పోయింది, ఆ మాట పూర్తి చేస్తావా, మేమందరం వేచి ఉన్నాం, అని ఆ గొంతు నవ్వుతూ అడిగింది. కిందటిసారి. అంటే వీళ్లకు అతను ఇంకా మాట మధ్యలోనే ఉన్నాడు. ఆ రోజు మెట్ల దగ్గర ఎవరో అమ్మాయి ఫోన్ తీసి తనకు చేసింది, అందులోంచి ఇంగ్లీషులో ఎవరెవరో మాట్లాడుతూనే ఉన్నారక్కా, నేనే కట్ చేసిన అని తర్వాత ఏడుస్తూ చెప్పింది. ఆ ఎవరెవరో వీళ్లే. అతని చివరి మాట విన్నది తను కాదు, అత్తగారు కాదు, వీళ్లు. ఈ సంగతి తెలియనిది కాదు, కానీ ఇంతవరకు ఇలా ఎదురుపడలేదు. ఆమె బటన్ నొక్కి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, తాను యశ్వంత్ భార్యనని, అతను ఆ రోజు అదే సమయానికి గుండె ఆగి చనిపోయాడని, ముందే చెప్పనందుకు క్షమించమని ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే ఇంగ్లీషే, ఏ తడబాటూ లేకుండా వచ్చింది. ఎదురు సీటులో కాలేజీ పిల్ల తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

లైను పోయిందేమోనని ఆమె తెర చూసుకుంది. పోలేదు. ఒక్కొక్కరే కెమెరాలు తెరిచారు, చతురస్రాల్లో ముఖాలు వచ్చాయి, నల్లవి, తెల్లవి, ఒకాయన పోలీసు యూనిఫారంలో, అందరూ ఆమెను చూడలేకపోయినా అటే చూస్తూ. ప్రొఫెసర్‌ది తెల్లటి జుట్టు, కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. మేము అతను కోర్సు ఆపుకున్నాడనుకున్నాం, చాలామంది ఆపుకుంటారు, మళ్లీ వస్తారు, అంది. ఉమాశ్రీ అడగదలుచుకున్నది అడిగింది, చివర్లో ఏం మాట్లాడాడని. ప్రొఫెసర్ నెమ్మదిగా, దాపరికం లేకుండా చెప్పింది. సంకేతం కనబడని తప్పు ఎవరిదని తాను అడిగానని, అతను వాదించాడని, అందరికంటే దగ్గరున్న వాళ్ల మీద ఆ తప్పు వేయడం సులువు మేడమ్ అని ఏదో చెప్పబోతూ మధ్యలో ఆగాడని. ఊపిరి అందడం లేదు, బాగా ఆయాసపడుతున్నాడు. ఒక్క నిమిషం మేడమ్, మెట్లు, అన్నాడు. సరే, నిదానంగా రా, అని తాను ఇంకొకరిని మాట్లాడమన్నానంది.

“నేను విన్నాను,” అంది ప్రొఫెసర్. “ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను. ఆ ఊపిరి విని, మెట్లే అనుకున్నాను.”

నేనూ విన్నాను, అన్నాడు యూనిఫారంలో ఉన్నాయన, అతనిది కెన్యా. ఉమాశ్రీకి వాళ్ల మీద కోపం రావాలి అనిపించింది, రాలేదు. ఒక క్లాసు నిండా మనుషులు, ముందే పసిగట్టడం నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, అందరి చెవుల్లోనూ అతని ఆయాసం, ఎవరికీ తెలియలేదు. తనకు కొంచెం తేలికవుతుందేమోనని చూసుకుంది. ఏదో ఒక బరువు పక్కకు జరిగిన మాట నిజమే, కానీ దాని కిందున్నది ఇప్పుడే బయటపడింది. అతను ఆయాసపడ్డాడు. ఒక్కసారిగా పోయి ఉంటాడమ్మా, ఏమీ తెలిసి ఉండదు అని డాక్టర్ చెప్పిన మాటను ఇన్నాళ్లూ పట్టుకుని ఉంది. అతనికి తెలిసింది. మెట్లు అన్నాడంటే, తెలిసే అన్నాడు. సెమినార్ రికార్డు ఉందని, కావాలంటే పంపుతానని, వద్దంటే ఎవరికీ ఇవ్వకుండా తీసేయిస్తానని ప్రొఫెసర్ అంటోంది. పంపండి, అంది ఉమాశ్రీ. అన్నాక ఎందుకన్నానా అనుకుంది. అతను చాలా బాగా వాదించేవాడు, అన్నారెవరో. థాంక్యూ, అంది. తెర మీద యశ్వంత్ అన్న పేరు ఆరిపోయింది.

అమీర్‌పేటలో జనం ఆమెను తోసుకుంటూనే దింపారు. నిలబడి చూద్దామన్నా నిలబడనిచ్చే చోటు కాదది. మెట్లు మామూలు మెట్లు, అంచులకు పసుపు గీత, తడి కాళ్ల బురద, ఒక పక్క ఎస్కలేటర్. మనిషి పడిపోయిన చోటికి ఏదో ఒక గుర్తు ఉంటుందని లోపలెక్కడో అనుకుంటూ వచ్చినట్టుంది. ఏ మెట్టు దగ్గరో కూడా తెలియదు. చెయ్యి రెయిలింగ్ మీద వేసి దిగింది, వెనక ఎవరో జర జల్దీ అక్కా అన్నారు, పక్కకు జరిగి దారి ఇచ్చింది, మళ్లీ దిగింది. కింద స్తంభానికి ఆనుకుని నిలబడింది. మియాపూర్ రైలు ఒకటి వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. ఆమె ఫోన్ మోగింది. అత్తయ్య.

“యాడున్నావు మా? వాన కొడ్తానే ఉంది.”

అమీర్‌పేటలో ఉన్నానని చెప్పింది. అమీర్‌పేట అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. అప్పుడు ఉమాశ్రీ చెప్పుకొచ్చింది, క్లాసు వాళ్లతో మాట్లాడానని, ఆ రోజు మీ అబ్బాయి చివరిదాకా వాళ్లతోనే మాట్లాడుతూ ఉన్నాడని. పార్వతమ్మ విన్నాక అడిగింది.

“ఎట్ల మాట్లాడినాడంట? ఆయాసపడినాడా?”

అడిగిన తీరులో కోడలిని తప్పుపట్టేది ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఆమె గోడకు ఆనుకుని, ఫ్యాన్ కింద పడుకుని, చపాతీ ఒత్తుతూ ఇదొక్కటే తనలో తాను అడుగుతూ ఉందని ఉమాశ్రీకి అప్పుడు తెలిసింది. తెలియడానికి ఇంత కాలం పట్టింది, పక్క గదిలోనే ఉన్నా. నిజం నాలుక మీదే ఉంది. అది చెబితే ఈ మనిషి దానితో ఎన్ని మధ్యాహ్నాలు పడుకోవాలి.

“లేదండీ అత్తయ్యా. బాగానే మాట్లాడారంట. ఏదో జోక్ వేసి నవ్వారంట కూడా. ఆ నవ్వులోనే లైను పోయిందన్నారు.”

“నవ్వినాడా,” అంది పార్వతమ్మ. “వాడు నవ్వితే పంటి మీద పన్ను కనపడ్తాండె.” కాసేపు ముక్కు చీదిన చప్పుడు. “ఆ మాటలు ఇనేదానికి అవుతాదా మా? ఆ పోన్లల్ల ఉంటాది గదా.”

కన్నతల్లి కొడుకు గొంతు అడుగుతోంది. బ్యాగులో యశ్వంత్ ఫోన్ సన్నగా అదిరింది, ప్రొఫెసర్ పంపేసి ఉంటుంది.

“అవదండీ. రికార్డు చెయ్యలేదంట.”

“పోనీలే,” అంది పార్వతమ్మ. “నవ్వినాడు గదా.” ఆ తర్వాత, పది రోజుల జ్వరం తగ్గిన మనిషి అడిగినట్టు, సంగటి చేయనా, చారు చేయనా, ఏం తింటావని అడిగింది. ఇన్నాళ్లలో ఆమె ఇలా అడగడం ఇదే మొదలు. ఏదైనా సరేనండి, ఇద్దరం కలిసి తిందాం అంది ఉమాశ్రీ.

మియాపూర్ రైలు మళ్లీ వచ్చింది. ఎక్కింది. సీటు లేదు, తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. ఎర్రగడ్డ దాటాక బ్యాగులోంచి అతని ఫోన్ తీసింది. లింకు ఉంది, పక్కన చిన్న బాణం గుర్తు. ఇది విన్నాక తను ఆయాసం మాత్రమే వినగలుగుతుందని, మిగతా యశ్వంత్ అంతా దాని వెనక్కి పోతాడని ఆమెకు అర్థమైంది. తీసేస్తే అతని గొంతు ఇక ఎక్కడా ఉండదని కూడా అర్థమైంది. వేలు అద్దం మీద అలాగే ఉంది. మూసాపేట వచ్చింది, కూకట్‌పల్లి వచ్చింది, జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, ఎవరో ఆమె భుజం తట్టి సీటు ఖాళీ అయింది కూర్చోండి అన్నారు. ఆమె కూర్చుంది. ఫోన్‌ని రెండు చేతుల మధ్య మూసి పట్టుకుని, ఇంటికెళ్లాక మొహం ఎలా పెట్టాలో, నవ్వుతూ పోయిన కొడుకు గురించి ఆ తల్లితో రేపటి నుంచి ఏమేం కల్పించి చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టింది.